దిడ్డి తలుపు

గోల్కొండ కోట ఫిరంగులకు లొంగిందనుకునేవారు మనలో చాలామందే ఉన్నారు. కాదండీ! 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు బయట పడిగాపులు కాసింది. పెట్టిన మందుపాతరలు వాళ్ల మీదికే పేలాయి. చివరికి లంచం తిన్న సరందాజ్ ఖాన్ అనే సేనాని ఓ రాత్రి లోపలి నుంచి దిడ్డి తలుపు తీశాడు. అంతే, కోట పోయింది. అబ్దుల్ రజాక్ లారీకీ ఆశ చూపారు గానీ ఆ మహానుభావుడు లొంగలేదు. ఒళ్లంతా గాయాలై పడిపోయేదాకా పోరాడాడు.

గోల్కొండ నుంచి బీదర్ వెళ్లే వైపున ఉంది కోహీర్. అక్కడ మా చిన్నమ్మ జామపళ్లు అమ్మిన డబ్బు ఇప్పుడు ఫోన్లోనే తీసుకుంటోంది. కొత్త కోట, కొత్త తాళాలు. పాస్‌వర్డు మాత్రం అంత కొత్తదేం కాదు. 1960ల మొదట్లోనే అమెరికాలో ఎం.ఐ.టి. వాళ్లు, ఒకే కంప్యూటరును పదిమందీ వాడుకుంటారు గనుక, మనిషికొకటి చొప్పున పెట్టారు. 1962లో అలన్ షెర్ అనే విద్యార్థి అందరివీ కలిపి అచ్చు తీసుకున్నాడు! 2009లో మన రిజర్వు బ్యాంకు, ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో తాళం కూడా ఉండాల్సిందేనంది.

"గిన్ని తాళాలుంటె పైసలెట్ల పోతున్నయి బిడ్డా?" అంది చిన్నమ్మ.

"తాళం ఎవడూ పగలగొట్టడు చిన్నమ్మా. బ్యాంకు నుంచి అంటూ తియ్యగా మాట్లాడి, ఓటీపీ మన నోటితోనే చెప్పిస్తాడు. సరందాజ్ ఖానుకు లంచమైనా ముట్టింది, మనకదీ లేదు. డబ్బు రావడానికి పిన్ కొట్టే పనే లేదు. పోయిందని తెలిస్తే మాత్రం వెంటనే 1930కి ఫోన్ చెయ్యి."

చిన్నమ్మ మాట్లాడకుండా లేచి, గోడ క్యాలెండరు మీద రాసుకున్న అంకెల్ని గీకేసింది.