గిరిజ అంటే రేలంగి జోడీయేనా?

బెజవాడలో బందరు బస్సెక్కితే పెనమలూరు దాటాక కంకిపాడు వస్తుంది. అటు ఇటు వరి చేలు, ఇంకాస్త ముందుకెళితే ఉయ్యూరు చెరుకు బళ్లు. సినిమా నటి గిరిజ ఆ కంకిపాడులోనే పుట్టిందంటే చాలామంది "ఏ గిరిజ?" అంటారు. "రేలంగి పక్కన ఉండేదే" అంటే, "ఓహో, ఆవిడా!" అని నవ్వుతారు. ఆ నవ్వు పూర్తి కాకుండానే రెండో మాట వచ్చేస్తుంది. "పాపం, ఆఖరికి చేతిలో ఏమీ మిగల్లేదుట."

1995లో ఆవిడ పోయింది. అప్పట్నుంచీ గిరిజ బతుకంతా ఈ రెండు ముక్కల్లోనే ఇమిడిపోయింది. ఒక మనిషిని ఇంత చిన్న చీటీలో పొట్లం కట్టేస్తే నాకెందుకో మనసొప్పలేదు. అచ్చులో ఉన్నదీ, తెర మీద ఉన్నదీ పక్కపక్కన పెట్టి చూద్దామని కూర్చున్నాను.

ముందు ఊరి సంగతి. గిరిజది విజయవాడ అని తేలిగ్గా అనేస్తారు. పూర్వం జిల్లా ఒకటే కనుక ఎవరూ పట్టించుకోలేదు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది, కంకిపాడు కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. ఇకమీదట గిరిజను విజయవాడలో పుట్టించేవాళ్లు పక్క జిల్లాలో పుట్టించినట్టే!

ఆవిడ ఏ ఆసరా లేకుండా ఉన్నట్టుండి తెర మీదికొచ్చిన పిల్ల కూడా కాదు. తల్లి దాసరి రామతిలకం గారు నటి. 1933లో కలకత్తాలో ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ వారికి సి.పుల్లయ్య గారు తీసిన 'సావిత్రి'లో టైటిల్ పాత్ర ఆవిడదే. యముడు వేమూరి గగ్గయ్య. తెలుగు సినిమా నోరు విప్పిన ఏడాదికే అన్నమాట. ఆ నోరు విప్పిన తేదీ కూడా మనం సరిగ్గా చెప్పుకోలేదు. 'భక్త ప్రహ్లాద' 1931 నాటిదని ఏళ్ల తరబడి అనుకుంటూ వచ్చాం. పాత కాగితాలు తిరగేసి చూసినవాళ్లు 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. తొలి టాకీ సంగతే అలా ఉంటే గిరిజ లాంటి వాళ్ల తేదీలు ఎవరు చూస్తారు?

ఆవిడ పుట్టింది 1938 మార్చి 3న అని రాస్తారు. 'పాతాళ భైరవి' విడుదల 1951 మార్చి 15. వేళ్ల మీద లెక్కపెట్టండి. పదమూడేళ్లు నిండి పన్నెండు రోజులు! షూటింగు అంతకు ముందే కదా, అప్పటికి పన్నెండు. కస్తూరి శివరావు గారి 'పరమానందయ్య శిష్యులు' ఇంకా ముందు, 1950లో. (ఎన్టీ రామారావు గారు వేసిన 'పరమానందయ్య శిష్యుల కథ' వేరు. అది 1966 నాటిది. దాని దర్శకుడు తల్లిని సావిత్రిగా చూపించిన ఆ పుల్లయ్య గారే కావడం తమాషా.)

ఇంతకీ 'పాతాళ భైరవి'లో గిరిజ ఎక్కడుందంటారా? భైరవే గిరిజ! మాంత్రికుడి తల తెగాక ప్రత్యక్షమై, ఏం కావాలో కోరుకోమని అడిగే దేవత. తోటరాముడూ, నేపాళ మాంత్రికుడూ, వాళ్ల మాటలూ మన ఇళ్లల్లో సామెతలైపోయాయి. సినిమాకి పేరిచ్చిన దేవత మొహం మాత్రం ఎవరిదో ఎవరూ అడగలేదు. ఆ సినిమా మళ్లీ చూశాను. ఆ నిలువెత్తు మనిషిని పన్నెండేళ్ల పిల్ల అనడానికి నాకు నోరు రాలేదు. అసాధ్యమనీ అనలేం. 1925లో పుట్టిన భానుమతి గారు 1939లోనే 'వరవిక్రయం'లో కనిపించలేదూ? అయినా ఆ 1938 కాస్త వెనక్కి జరగాలనే నాకనిపిస్తుంది. అదే సినిమాలో ఒక్క నృత్యానికి కనిపించి వెళ్లిపోయిన సావిత్రి పుట్టిన ఏడు కూడా 1934 నుంచి 1937 దాకా తలా ఒకటి రాశారు. ఆడవాళ్ల వయసు దగ్గర పత్రికలకి అంకెలు నిలవవు.

ఇక రేలంగి జోడీ అన్న మాట. అబద్ధం కాదు. 'ఇల్లరికం', 'అప్పు చేసి పప్పు కూడు', 'జగదేకవీరుని కథ', 'వెలుగు నీడలు', 'కులగోత్రాలు' – 1959 నుంచి 1962 లోపు ఈ నాలుగైదూ చూసినా చాలు, గిరిజ లేకపోతే సగం సందడి ఉండేది కాదు. రేలంగి గారిది 1910లో పుట్టుక. అచ్చులో ఏడు నిజమే అయితే జోడీకి ఇరవయ్యెనిమిదేళ్ల తేడా! తెర మీద అది కనిపించనివ్వకుండా చేసింది ఎవరంటే, నేను గిరిజ అనే అంటాను. ఆయన తడబడుతుంటే ఈవిడ నిలకడగా నిలబడుతుంది. ఆయన మాట మింగితే ఈవిడ చటుక్కున అందుకుంటుంది. నవ్వు ఆయన ఖాతాలో పడుతుంది, తాళం మాత్రం ఈవిడ చేతిలో ఉంటుంది.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో హీరోయిన్ కొంగు నిండా కప్పుకుని, కళ్లనీళ్లు కుక్కుకుని, ఓర్చుకుని ఉండాలి. అత్తగారిని ఎదిరించి మాట్లాడే హక్కూ, మొగుణ్ణి నిలదీసే హక్కూ రెండో జోడీ పిల్లకే ఉండేవి. మా అమ్మల తరం మేట్నీకి వెళ్లి సావిత్రితో కలిసి ఏడ్చి, గిరిజతో కలిసి నవ్వుకుని, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి రాజేసుకునేది. ఆ నవ్వు చిన్నదని నేననుకోను.

చివరిగా డబ్బు పోయిన కథ. పెళ్లయ్యాక ఇంట్లోవాళ్లు సినిమాలు తీయడంతో సంపాదించిందంతా హరించుకుపోయిందని చెబుతారు. చివరి రోజులు బీదగానే గడిచాయన్నది అందరూ రాసిన మాటే. దానితో నాకు పేచీ లేదు. పేచీ అల్లా ఆ కథ చెప్పే తీరుతోనే. నాగయ్య గారు ఆస్తంతా పోగొట్టుకుంటే ధర్మాత్ముడన్నాం. గిరిజను మొదటిసారి తెర మీద చూపించిన శివరావు గారు లేమిలోనే పోతే కాలం కలిసిరాలేదన్నాం. సావిత్రి 'చిన్నారి పాపలు' తీసి నష్టపోయినా, గిరిజ ఇల్లు ఖాళీ అయినా, వెంటనే ఆడదాని తెలివితక్కువతనమూ పెళ్లీ చర్చకొస్తాయి. సినిమా తీయడమే జూదం లాంటి వ్యాపారం, నిండా మునిగిన మగవాళ్లు వందల్లో ఉన్నారన్న మాట మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

పైగా "ఏమీ మిగల్లేదు" అన్నది నిజం కూడా కాదు. గిరిజ కూతురు సలీమా మలయాళంలో పేరున్న నటి. ఎం.టి.వాసుదేవన్ నాయర్ రచనలో హరిహరన్ తీసిన 'నఖక్షతంగళ్' (1986)లో మూగపిల్ల ఆ అమ్మాయే. వాళ్లిద్దరే 1988లో 'ఆరణ్యకం' తీసి ఆ అమ్మాయిని కథకి కేంద్రంగా నిలబెట్టారు. మలయాళీలు ఇప్పటికీ ఆ పాత్రను తలుచుకుంటారు. అమ్మమ్మ 1933లో కలకత్తాలో, తల్లి 1950లో మద్రాసులో, మనవరాలు 1986లో మలయాళంలో. కంకిపాడు పక్క ఊళ్లవాళ్లకే ఈ వరస తెలియదు.

'ఆరణ్యకం' దొరికితే చూడండి. అడవిలో తిరుగుతూ, పెద్దవాళ్లకి ఉత్తరాలు రాస్తూ, ఎవరి అదుపుకీ లొంగని పిల్ల అమ్మిణి. భాష రాకపోయినా ఫరవాలేదు. కళ్లెగరేసి ఎదుటివాణ్ణి చూసినప్పుడు మీకే తెలుస్తుంది ఎవరి బిడ్డో.