1976 స్వైన్ ఫ్లూ టీకా: పూచీ ఎవరిది?

మా కన్సల్టింగ్ వృత్తిలో ఇండెమ్నిటీ అన్న మాట తరచూ వినేదే. కొత్త క్లయింటు దగ్గర పని మొదలుపెట్టాలంటే ముందు ఇన్సూరెన్స్ సర్టిఫికెట్టు చూపించాలి. నేను రాసిన ప్రోగ్రాం వల్ల వాళ్ళకి నష్టం వస్తే నా ఇన్సూరెన్స్ కంపెనీ కట్టుకోవాలి. మన భాషలో చెప్పాలంటే పూచీకత్తు. మరి ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ ఒక్కసారిగా "మావల్ల కాదు" అని చేతులెత్తేస్తే? అమెరికాలో ఒకసారి అదే జరిగింది. అదీ ఏదో సాఫ్ట్‌వేర్ విషయంలో కాదు, దేశంలో ప్రతి మనిషికీ వెయ్యాలనుకున్న టీకా విషయంలో.

1976 ఫిబ్రవరిలో న్యూజెర్సీలోని ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో ఒక కుర్ర సైనికుడు ఫ్లూతో చనిపోయాడు. పరీక్ష చేస్తే అది పందుల్లో కనిపించే రకం ఇన్ఫ్లుయెంజా అని తేలింది. శిబిరంలో మరో రెండు వందల మంది దాకా ఆ వైరస్ సోకిందని తర్వాత తెలిసింది. 1918 నాటి మహమ్మారికి కారణమైన వైరస్‌కి ఇది దగ్గరి చుట్టమని అప్పటి శాస్త్రవేత్తల అనుమానం. మార్చి 24న ప్రెసిడెంట్ ఫోర్డ్, పోలియో టీకాల సాల్క్, సేబిన్‌లను పక్కన పెట్టుకుని, ప్రతి అమెరికన్‌కీ టీకా వేయిస్తామని ప్రకటించాడు. 13.5 కోట్ల డాలర్లు కావాలన్నాడు. ఏప్రిల్ మధ్యకల్లా కాంగ్రెస్ ఇచ్చేసింది. మెర్క్, మెరెల్, వైయెత్, పార్క్-డేవిస్ అనే నాలుగు కంపెనీలు కోడిగుడ్లు తెప్పించుకుని పనిలో పడ్డాయి. డబ్బుంది, గుడ్లున్నాయి, వైరస్ ఉంది. పూచీ గురించి మాత్రం ఎవరూ గట్టిగా ఆలోచించలేదు.

ఇన్సూరెన్స్ కంపెనీలు ఆలోచించాయి. వేసవి మొదలయ్యేసరికి, ఈ టీకా వల్ల వచ్చే దావాలకి జూన్ నెలాఖరు తర్వాత బీమా ఇవ్వలేమని చెప్పేశాయి. బీమా లేనిదే సీసాల్లో నింపి ఇవ్వం అని తయారీదార్లు ఆగిపోయారు. ఇన్సూరెన్స్ వాళ్ళది డబ్బాశ అని అప్పుడు చాలామంది తిట్టారు. నా లెక్క వేరు. వాళ్ళ భయంలో అర్థముంది.

బీమా అనేది ఊళ్ళో ఇళ్ళు ఒకేసారి కాలిపోవన్న నమ్మకం మీద నడిచే వ్యాపారం. ఈ వీధిలో ఒక ఇల్లు కాలితే మిగతా వందమంది కట్టిన ప్రీమియంలోంచి తీసి ఇస్తారు. ఇక్కడ ఇరవై కోట్ల మందికి కొన్ని నెలల్లో ఒకే టీకా. అందులో లోపముంటే ఊరంతా ఒకే రాత్రి అంటుకున్నట్టే. లోపం లేకపోయినా గొడవే. అంతమందిలో ఏ వారమైనా వేలమందికి గుండెపోటో పక్షవాతమో వస్తుంది. వాళ్ళలో చాలామంది ముందు వారమే టీకా వేయించుకుని ఉంటారు. ప్రతి ఒక్కరూ కోర్టుకెక్కితే, అన్ని కేసులూ గెలిచినా లాయర్ల ఖర్చే తడిసి మోపెడవుతుంది.

వీటికి తోడు 1974 నాటి రేయెస్ కేసు తీర్పు వాళ్ళ కళ్ళముందుంది. టెక్సాస్‌లో ఒక పసిపాపకి ప్రభుత్వ క్లినిక్‌లో నర్సు పోలియో చుక్కలు వేసింది. కొద్దిరోజుల్లో పాపకి పోలియో వచ్చింది. తయారీలో ఏ తప్పూ లేదు. అయినా, లక్షల్లో ఒకరికి ఇలా జరగొచ్చన్న సంగతి తల్లికి చెప్పించాల్సిన బాధ్యత తయారీదారుదేనని కోర్టు తేల్చి, రెండు లక్షల డాలర్ల పరిహారాన్ని ఖాయం చేసింది. డాక్టరుంటే హెచ్చరిక ఆయన చెబుతాడు, కంపెనీ బాధ్యత అక్కడితో తీరుతుంది. స్కూలు జిమ్ముల్లో, క్యూల్లో నిలబెట్టి వేసే టీకాకి డాక్టరెక్కడ? చెప్పేదీ చెప్పనిదీ ప్రభుత్వం చేతిలో, జరిమానా కంపెనీ నెత్తిన. అలాంటి కాంట్రాక్టు నాకిస్తే నేనూ సంతకం పెట్టను.

జూలై అంతా కాంగ్రెస్‌లో ఈ పీటముడి విడలేదు. విప్పింది మరో రోగం. ఫిలడెల్ఫియాలో జూలై చివర్లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం మహాసభ జరిగింది. వెళ్ళొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే జ్వరంతో, న్యుమోనియాతో చనిపోవడం మొదలెట్టారు. మొత్తం 29 మంది సభ్యులు పోయారు. స్వైన్ ఫ్లూ వచ్చేసిందని దేశం హడలిపోయింది. ఆగస్టు మొదటివారంలోనే, ఇది ఫ్లూ కాదని సీడీసీ డైరెక్టర్ సెన్సర్ సెనేట్‌కి చెప్పాడు. (అసలు కారణమైన బాక్టీరియా సంగతి 1977 జనవరిలో బయటపడింది.) అయితేనేం, భయం కదిలించింది. రోజుల్లోనే బిల్లు పాసైంది. ఆగస్టు 12న ఫోర్డ్ సంతకం పెట్టాడు.

ఆ చట్టం చేసిందేమిటంటే, టీకా వల్ల నష్టం జరిగిందనుకున్నవాళ్ళు కంపెనీ మీదగానీ, వేసిన నర్సు మీదగానీ దావా వెయ్యడానికి వీల్లేదు, అమెరికా ప్రభుత్వం మీదే వెయ్యాలి. ముందు అర్జీ పెట్టుకోవాలి, తేలకపోతే ఫెడరల్ కోర్టుకి. జ్యూరీ ఉండదు, శిక్షగా వేసే అదనపు పరిహారం ఉండదు. కంపెనీ నిర్లక్ష్యం చేసి ఉంటే ప్రభుత్వం ఆ డబ్బు తర్వాత కంపెనీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. కంపెనీల చిక్కు తీరింది. నష్టపోయిన మనిషికి పరిహారం తప్పక ఇస్తామన్న మాట మాత్రం అందులో లేదు. ఎవరి మీద దావా వెయ్యాలో చెప్పారు, అంతే.

అక్టోబర్ 1న టీకాలు మొదలయ్యాయి. పది రోజులకే పిట్స్‌బర్గ్‌లో ఒకే క్లినిక్‌లో టీకా వేయించుకున్న ముగ్గురు వృద్ధులు చనిపోయారు. ముగ్గురూ గుండెజబ్బు ఉన్నవాళ్ళే, టీకాకి సంబంధం లేదని తేలింది. ఇన్సూరెన్స్ వాళ్ళు ఊహించింది అక్షరాలా ఇదే. నవంబరులో వచ్చింది మాత్రం ఎవరూ ఊహించనిది. గియాన్ బారే సిండ్రోమ్. కాళ్ళలో మొదలై పైకి పాకే పక్షవాతం. 2025 మొదట్లో పుణెలో, ఆ తర్వాత గుంటూరులో కేసులు వచ్చినప్పుడు జీబీఎస్ పేరుతో మన పేపర్లలో రోజూ చదివాం. (వాటికీ టీకాలకీ సంబంధం లేదు.) 1976 టీకా వల్ల అదనంగా సుమారు లక్షకి ఒకరికి అది వచ్చిందని తర్వాతి అంచనా. డిసెంబర్ 16న కార్యక్రమం ఆపేశారు. అప్పటికి నాలుగు కోట్ల మందికి పైగా వేయించుకున్నారు. స్వైన్ ఫ్లూ మాత్రం ఫోర్ట్ డిక్స్ గేటు దాటి పెద్దగా పాకిందే లేదు.

వాళ్ళందరి చేతా సంతకం పెట్టించుకున్న కాగితం ఒకటుంది. అందులో గియాన్ బారే ఊసు లేదు, ఎందుకంటే ముందు ఎవరికీ తెలీదు. సంతకమున్నంత మాత్రాన తెలిసి ఒప్పుకున్నట్టు కాదన్నది మనవాళ్ళకీ అనుభవమే. 2009-10లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకి హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు చాలామంది అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం ఈ సంగతిని గట్టిగా తప్పుపట్టింది.

అమెరికాలో అర్జీలు నాలుగు వేలకి చేరాయి. 1978 జూన్‌లో ఆరోగ్యశాఖ మంత్రి కాలిఫానో ఒక మంచి పని చేశాడు. టీకా వల్లే గియాన్ బారే వచ్చిందని చూపిస్తే చాలు, ఎవరిదో నిర్లక్ష్యమని రుజువు చెయ్యక్కర్లేదన్నాడు. ఉదారంగానే ఉంది. కానీ "టీకా వల్లే" అన్నది చూపించడమే కష్టం. టీకా తర్వాత పది వారాల్లోపు వచ్చిన కేసులకి లెక్కలు ఆసరా ఇచ్చాయి. ఆ తర్వాత వచ్చినవాళ్ళూ, జబ్బు గియాన్ బారేనా కాదా అని డాక్టర్లు తగువులాడుకున్నవాళ్ళూ చాలామంది ఓడిపోయారు. కేసులు 1980ల దాకా సాగాయి. తొమ్మిది కోట్ల డాలర్ల దాకా చెల్లించారు. కంపెనీలకి రెండు వారాల్లో దొరికిన భరోసా చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకి కొందరికి ఏళ్ళ తరబడి దొరకలేదు. ప్రభుత్వం భారం ఎత్తుకోవడం తప్పని నేననను, దాన్ని మొయ్యగలిగింది ప్రభుత్వమే. ఎత్తుకున్నరోజే ఆ రెండో వాక్యం కూడా రాసి ఉండాల్సింది.

1986లో పిల్లల టీకాల విషయంలో ఆ వాక్యం రాశారు. ప్రతి డోసు మీదా పన్ను వేసి, ఆ నిధిలోంచి, తప్పెవరిదని అడక్కుండా పరిహారం. 2005లో మహమ్మారుల కోసం చేసిన ప్రెప్ చట్టంలో మళ్ళీ పాత వాసన. కంపెనీలకి గట్టి రక్షణ, బాధితులకి ఏడాది గడువున్న ఇరుకు దారి. కోవిడ్ టీకాలు దాని కిందికే వచ్చాయి. అర్జీలు వేలల్లో వస్తే, 2025 నాటికి డబ్బు ముట్టినవి పదుల్లోనే.

ఇండియా సంగతి అడుగుతారేమో. 2021లో ఫైజర్ ఈ పూచీకత్తే అడిగింది, మనవాళ్ళు ఇవ్వలేదు, ఆ టీకా రాలేదు. ఇక్కడి టీకాలతో నష్టపోయామన్నవాళ్ళ గురించి 2022 నవంబరులో కేంద్రం సుప్రీంకోర్టుకి చెప్పింది: టీకా స్వచ్ఛందం, ప్రభుత్వానికి బాధ్యత లేదు, కావాలంటే సివిల్ కోర్టుకి వెళ్ళొచ్చు. 1976 ఆగస్టుకి ముందు అమెరికన్లకి ఉన్న దారి కూడా అదే.