సీమకోడి జుబాన్

పోయిన బక్రీద్‌కి మా ఖాలా కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. జార్జియాలో ఇరవై ఏళ్ళ కాపురం. అందరికీ అత్తర్లు, చాక్లెట్లు పంచి నా చేతిలో మాత్రం ఓ చెక్క డబ్బా పెట్టాడు. సన్నగా, పొడుగ్గా ఉంది. మూత ఒక కొసన మేకుతో బిగించి ఉంది. మూతను పక్కకు జరిపితే కీచుమని ఆవాజ్.

"భాయ్, ఇది ఆడ టర్కీ గొంతు. దీంతోనే శికార్" అన్నాడు.

నాకు వెంటనే జహంగీర్ బాద్షా గుర్తొచ్చాడు. 1612లో ముఖర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన వింత జానవర్లలో ఈ పిట్ట కూడా ఉంది. దాని తల ఓసారి పగడంలా ఎర్రబడి, ఇంకోసారి పత్తిలా తెల్లబడడం చూసి బాద్షా హైరాన్ అయిపోయాడు. తన తుజుక్‌లో రాసుకున్నాడు, ముసవ్విర్లతో బొమ్మలూ వేయించాడు. ఉస్తాద్ మన్సూర్ గీసిన టర్కీ ఇవాళ లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

ఈ పిట్ట వతన్ ఉత్తర అమెరికా. పెంపకానికి అలవాటైంది మెక్సికోలో. పేర్లు మాత్రం ఊరికొకటి. ఇంగ్లీషువాళ్ళు టర్కీ దేశం పేరు పెట్టారు. ఆ తుర్కులేమో 'హిందీ' అన్నారు, అంటే మనది అన్నమాట! అరబ్బుల్లో కొందరికి 'దీక్ రూమీ', మన ఉర్దూలో 'ఫీల్ ముర్గ్', మన తెలుగువాళ్ళకు సీమకోడి. ఎవరికి వాళ్ళు పక్కింటి పిల్లే అన్నారు.

అసలు సంగతి శికార్‌లో ఉంది. అడవిలో మగది గర్జించినట్టు కూస్తే ఆడది దాన్ని వెతుక్కుంటూ పోతుంది. శికారీ ఈ కుదరత్‌ని తిరగేస్తాడు. తనే ఆడదై పిలిచి మగదాన్ని రప్పిస్తాడు. అందుకే అది సగం దూరం వచ్చి ఆగిపోతుంది, 'నువ్వే రా' అన్నట్టు. అప్పుడు సబర్ కావాలి. పిలిచిందే పిలిస్తే పిట్టకు అనుమానం.

అక్కడి మూలవాసులు టర్కీ రెక్క ఎముకలనే పిలనగోవి చేశారు. సన్న ఎముకలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఊదకుండా పెదాలతో గాలి లోపలికి పీలుస్తారు. ముద్దు పెట్టిన చప్పుడు లాంటిది ఎముకలోంచి కూతై వస్తుంది. నా చేతిలో ఉన్న డబ్బా రకానికి అర్కాన్సాస్‌కు చెందిన హెన్రీ గిబ్సన్ 1897 జనవరిలో పేటెంట్ తీసుకున్నాడు. మూత అడుగున సుద్ద రాసి, సన్నటి పక్క చెక్క మీద మెల్లగా లాగాలి. ముందు హెచ్చు స్వరం, వెంటనే తగ్గు స్వరం. అది 'యెల్ప్'. ఒక్క ముక్క తుంచినట్టు పలికితే 'క్లక్'. పలక రాయి మీద పుల్లతో చిన్న చిన్న సున్నాలు చుడితే పిట్ట మేత మేస్తూ తృప్తిగా గురగురలాడినట్టుంటుంది. పుల్ల పైకి లేచిందా, ఆట ఖతం.

నోట్లో పెట్టుకునేది అన్నిటికన్నా కష్టం. గుర్రపు నాడా ఆకారం, మధ్యలో బిగించిన రబ్బరు పొర. అంగిట్లో ఆనించి, అద్దం మీద ఆవిరి వదిలినట్టు లోపలి నుంచి గాలి తియ్యాలి. చిన్నప్పుడు మౌల్వీ సాబ్ 'హే' పలికించడానికి నా గొంతు పట్టిన తిప్పలన్నీ గుర్తొచ్చాయి. రెండు రోజులు వాంతి వచ్చినంత పనయింది, మా బేగం నవ్వింది. మూడో రోజుకి బాతులా అరిచాను.

మగ కూత మాత్రం కూయొద్దని భాయ్ ఖబర్దార్ చేశాడు. ఆ ఆవాజ్‌కి ఇంకో శికారీ తుపాకీ నీ మీదకే తిరుగుతుంది.

ఇంత నేర్పు మోపైతే పిట్ట ఏం మిగుల్తుంది? బజారుకు మాంసం అమ్మే శికార్, అడవుల నరికివేత కలిసి ఊడ్చేశాయి. మొదట ఉన్న 39 రాష్ట్రాల్లో 18 చోట్ల 1920 నాటికి ఒక్కటీ లేదు. ప్రభుత్వాలు ఫారాల్లో పొదిగించి వేలకొద్దీ అడవిలో వదిలాయి. అవి బతకలేదు. మషీన్‌లో పుట్టిన పిల్లకు తల్లి లేదు. గద్ద వస్తే తల్లి ఏ ఆవాజ్ చేస్తుందో, ఏ పిలుపుకి రెక్క కిందికి పరుగెత్తాలో, ఏ చెట్టెక్కి రాత్రి గడపాలో చెప్పేవాళ్ళు లేరు. 1950ల్లో పంథా మార్చారు. మొక్కజొన్న చల్లి, ఫిరంగితో వల విసిరి, అడవిలో తల్లి పెంచిన పిట్టల్నే పట్టి ఖాళీ అడవులకు తరలించారు. అవి నిలిచాయి. ఇవాళ అలాస్కా తప్ప 49 రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భాయ్ కొడుక్కి పదిహేనేళ్ళు. మా ఖాలా ఉర్దూలో అడిగితే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. ఖాలా మొహం చిన్నబోతుంది, పైకి ఏమీ అనదు.

వాళ్ళు తిరిగి వెళ్ళే రోజు పొద్దున పెరట్లో అచ్చం ఆడ టర్కీ కూత. వరసగా ఏడు, చివర్న ఒక క్లక్. ఖాలా వంటింట్లోంచి కేకేసింది, "కిస్కీ ముర్గీ ఆయీ రే?"

పిల్లాడు నోట్లోంచి రబ్బరు పొర తీసి అన్నాడు, "నై దాదీ, మైచ్ హూఁ."