మన బడి గురువులు నడిచి వచ్చిన దారులు

పాఠశాలల చరిత్ర రాసేటప్పుడు సాధారణంగా భవనం ఎప్పుడు కట్టారు, ప్రారంభోత్సవం ఎవరు చేశారు, విరాళాలు ఎవరిచ్చారు అన్న విషయాలకే ఎక్కువ చోటు దక్కుతుంది. ఈ ప్లాటినం జూబిలీ సంచికలో ఆ వివరాలన్నీ వేరే వ్యాసాలలో ఉన్నాయి. నేను రాయదలచినది మన ఉపాధ్యాయుల గురించి. వారి బోధనా పాటవాన్ని పొగడటం నా ఉద్దేశం కాదు. ఏ ఊళ్ల నుంచి, ఏ పనులు చేస్తూ, ఎంత చదువుతో వారు కామాఠిపురంలోని ఈ ఇరుకు గల్లీకి చేరుకున్నారో చెప్పాలని నా కోరిక.

సర్వీసు పుస్తకాలు ఈ సంగతి చెప్పవు. పుట్టిన తేదీ, విద్యార్హత, నియామకపు తేదీ, వేతన శ్రేణి, పుట్టుమచ్చలు, అంతే. ముప్పై ఏళ్లు పిల్లలను తీర్చిదిద్దిన మనిషి గురించి దఫ్తరు భద్రపరచినది ఎడమ చెంప మీది పుట్టుమచ్చ ఒక్కటే! గ్రాంటు రాకముందు పనిచేసినవారికి ఆ పుస్తకం కూడా లేదు. కాబట్టి ఇక్కడ రాసేదంతా పాత విద్యార్థులు, పదవీ విరమణ చేసిన సహోపాధ్యాయులు నాకు చెప్పినదీ, నేను కళ్లారా చూసినదీ. పేర్లు రాయటం లేదు. ఒకరి పేరు రాసి మరొకరిని మరచిపోయానన్న మాట రాకూడదు.

ముందుగా ఈ పేట గురించి రెండు మాటలు. ముంబయి ఏడు దీవులుగా ఉన్న కాలంలో ఇక్కడి నేల సముద్రపు పోటుకు మునిగే పల్లం. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట పూర్తయి, ఉప్పునీరు లోపలికి రావటం ఆగిన తరువాత ఇక్కడ నివాసాలు పెరిగాయి. నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి వచ్చిన కూలీలు, మేస్త్రీలు ఇక్కడ గుడిసెలు వేసుకొన్నారు. తెలంగాణలో కామాటి అంటే కూలిపని చేసేవాడు. ఆ మాటే కామాఠీ అయి పేటకు పేరైంది. 1856లో తార్‌దేవ్‌లో మొదటి బట్టల మిల్లు పని మొదలుపెట్టింది. మిల్లులు పెరిగేకొద్దీ కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు వచ్చి ఇక్కడి చాళ్లలోనూ, వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి చాళ్లలోనూ స్థిరపడ్డారు. మన పిల్లలలో ఎక్కువమంది తాతలు ఈ రెండు దారులలో ఏదో ఒక దారిన వచ్చినవారే.

చదువు మాట ఈ పేటకు కొత్తది కాదు. మహాత్మా జోతిరావు ఫూలే 1873లో పుణేలో సత్యశోధక సమాజాన్ని స్థాపించినప్పుడు ఆయన వెంట నడిచినవారిలో ముంబయి తెలుగు కాంట్రాక్టర్లు ముఖ్యులు. వెంకూ బాలాజీ కాలేవార్, జాయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటివారి పేర్లు ఆ సమాజ చరిత్రలో కనిపిస్తాయి. సమాజానికి ముద్రణాయంత్రం బహూకరించినవారిలోనూ మనవారున్నారు. అయ్యవారు అంటే మన పల్లెలలో పంతులుగారు. ఈ అయ్యవారు మాత్రం కట్టడాల కాంట్రాక్టరు!

ఆ ఫూలేగారే 1882లో హంటర్ విద్యా సంఘానికి సమర్పించిన వినతిలో ప్రాథమిక పాఠశాలల గురువుల గురించి స్పష్టంగా రాశారు. ఉపాధ్యాయులందరూ దాదాపు ఒకే అగ్రకులం నుంచి వస్తున్నారనీ, శ్రమజీవుల పిల్లలకు ఆ శ్రమజీవుల కుటుంబాల నుంచి వచ్చి శిక్షణ పొందినవారు గురువులు కావాలనీ, అటువంటివారే పిల్లలతో కలిసిమెలిసి వారి అవసరాలు గ్రహించగలరనీ, వారి జీతం నెలకు 12 రూపాయలకు తగ్గకూడదనీ ఆయన వాదన. ఇందులో రెండు షరతులున్నాయి: గురువు పిల్లల మనుషుల్లోంచి రావాలి, శిక్షణ పొంది ఉండాలి. మన పాఠశాలలో ఈ రెండూ ఒకే మనిషిలో కలవటానికి చాలా ఏళ్లు పట్టింది.

మొదటి తరం ఉపాధ్యాయులలో ఒకరు మిల్లులో బద్లీ కార్మికులు. తెలుగులో బదిలీ అంటే ఒకచోటి నుంచి మరొకచోటికి మార్చటం. మిల్లు భాషలో బద్లీ అంటే, పర్మనెంటు కార్మికుడు రాని రోజున అతని బదులు యంత్రం దగ్గర నిలబడేవాడు. రోజూ ఉదయం మిల్లు గేటు దగ్గర వేచి ఉండాలి. పిలుపు వస్తే ఆ రోజు కూలి దక్కుతుంది, రాకపోతే తిరుగుముఖం పట్టాలి. ఈ మాస్టారు ఇంటికి తిరిగి వెళ్లక నేరుగా బడికి వచ్చేవారు. పని దొరికిన రోజున ఆయన తరగతిని పక్క తరగతితో కలిపి కూర్చోబెట్టేవారట. ఆయనకు మిల్లులో పని దొరకకూడదని పిల్లలు కోరుకొనేవారు. దొరకాలని ఇంట్లో ఆయన భార్య దేవుడికి మొక్కుకొనేది.

ఆయన చదువు ఏడో తరగతి తరువాత రాసే వర్నాక్యులర్ ఫైనల్ వరకే. అయినా లెక్కలు చెప్పటంలో ఆయనకు సాటి లేరని పాత విద్యార్థులు ఇప్పటికీ అంటారు. నూలు నంబరుతో ఆయన లెక్కలు మొదలుపెట్టేవారు. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే ఆ నూలు నంబరు అంత. 20వ నంబరు కంటే 40వ నంబరు సన్నం. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందన్నది చాళ్లలో ప్రతి బిడ్డకూ ఇంట్లో విని తెలిసిన సంగతే. విలోమానుపాతం అన్న పెద్ద మాట పలకకుండానే ఆయన విలోమానుపాతం నేర్పారు. 40వ నంబరు నూలు పౌనుకు ఎన్ని గజాలని అడిగితే, డెబ్బై ఏళ్లు దాటిన పూర్వ విద్యార్థి ఒకరు నా ఎదుటే కాగితం లేకుండా 33,600 అని చెప్పారు. తెలిసినదాని నుంచి తెలియనిదానికి నడిపించాలన్న సూత్రాన్ని మేము శిక్షణ కళాశాలలో బట్టీ పట్టి పరీక్ష రాశాము. ఆయనకు ఆ సూత్రం ఉన్నదని కూడా తెలియదు. అయితే ఆయన చేతి బెత్తం కూడా ఆనాటి పంతుళ్ల బెత్తమే. దెబ్బలకు భయపడి బడి మానినవారు కూడా ఉన్నారు. జూబిలీ సంచిక అని దానిని దాచవలసిన పని లేదు.

ఆయన తరువాత వచ్చినవారిలో ఒక మాస్టారు తెలంగాణ నుంచి వచ్చారు. నిజాం రాజ్యంలో చదువు ఉర్దూలో సాగేది. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష కూడా ఉర్దూయే. ఈ మాస్టారు లెక్కలు, చరిత్ర, భూగోళం అన్నీ ఉర్దూలో చదివారు. తెలుగును ఇంట్లోనూ, గ్రంథాలయంలోనూ నేర్చుకున్నారు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసినది ఇటువంటివారి కోసమే. పట్టుబట్టి నేర్చుకున్న భాష కనుక ఒత్తు పోయినా, దీర్ఘం పోయినా ఆయన సహించేవారు కారు. అయితే గుణకారం చేసేటప్పుడు మాత్రం పెదవుల మీద ఉర్దూ ఎక్కాలే వినిపించేవి. పక్కనే నాగ్‌పాడా, మదన్‌పురా ఉండటం వల్ల ఆ ఉర్దూ ఇక్కడ వృథా పోలేదు. సాయంత్రం వేళ అర్జీలు రాయించుకోవటానికి ఆ పేటలవారు కూడా మన బడి మెట్ల మీద కూర్చొనేవారట.

కోస్తా జిల్లా నుంచి వచ్చిన టీచరుగారిది మరో దారి. అక్కడ ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసి, పెళ్లయి, రైల్వే ఉద్యోగి అయిన భర్త వెంట ముంబయి వచ్చారు. మన పాఠశాలలో శిక్షణ పొందిన తొలి ఉపాధ్యాయులలో ఆమె ఒకరు. పాఠ ప్రణాళిక రాయటం, బోధనోపకరణాలు తయారుచేయటం మిగిలినవారు ఆమె వద్దనే నేర్చుకున్నారు. కాని మొదటి వారం ఆమె మాట పిల్లలకు, పిల్లల మాట ఆమెకు సరిగా అర్థం కాలేదు. పాఠంలో గేదె అని ఉంటే ఒక్క బిడ్డా చేయెత్తలేదు. బర్రె అని ఒకడు అనగానే తరగతి అంతా నవ్వింది. ఇది తప్పు, అది ఒప్పు అని దిద్దటంతో ఆమె మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఆ పద్ధతి మానేసి నల్లబల్లను నిలువుగా రెండు భాగాలు చేశారు. ఒకవైపు ఇంటి మాట, మరొకవైపు పుస్తకం మాట. అంగి - చొక్కా, నల్లా - కుళాయి, తొవ్వ - దారి. పిల్లలు ఇంటి మాటలు తెచ్చేవారు, ఆమె పుస్తకం మాట పక్కన రాసేవారు. ఏ పక్కకూ తప్పు గుర్తు పెట్టలేదు. నేను ఈ పాఠశాలలో చేరేనాటికి ఆమె పదవీ విరమణకు దగ్గరలో ఉన్నారు. అప్పటికి తొవ్వ అన్న మాట ఆమె నోటనే సహజంగా వచ్చేది. మన బడిలో జరిగిన మంచి పనులలో ఆ నల్లబల్ల మీది నిలువు గీతకు నేను మొదటి స్థానం ఇస్తాను.

షోలాపూర్ నుంచి వచ్చినవారు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో మరాఠీ చదివినవారు. విద్యాశాఖ కార్యాలయంతో ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ వారి చేతి మీదుగానే నడిచేవి.

ఇక మన చాళ్లలోనే పుట్టి పెరిగి గురువులైనవారు. తండ్రులు మిల్లుకు వెళితే తల్లులు ఖోలీలో కూర్చొని బీడీలు చుట్టేవారు. కూలి వెయ్యి బీడీల లెక్కన ఇచ్చేవారు. అలా చుట్టిన బీడీల డబ్బుతో ఒక తల్లి తన కూతురిని డి.ఎడ్. చదివించింది. ఆ అమ్మాయి మన బడిలో చదివి, మన బడికే టీచరుగా వచ్చింది. హాజరు పిలిచేటప్పుడు ఒక పిల్ల రాలేదంటే ఆమె కారణం అడిగేది కాదు. ఆ రోజు ఆ ఇంటికి ఆకు, తంబాకు వచ్చాయనీ, ఆకు కత్తిరించటానికి పిల్లను ఆపి ఉంటారనీ ఆమెకు తెలుసు. మధ్యాహ్నం స్వయంగా వెళ్లి పిల్లను తీసుకొచ్చేది. ఫూలేగారు కోరిన రెండు షరతులూ ఆమెలో కలిశాయి. 1882 నుంచి ఆమె నియామకం దాకా దాదాపు నూరేళ్లు గడిచాయి.

మరొక సంగతి కూడా చెప్పాలి. కామాఠిపురం అన్న పేరు వినగానే లోకానికి గుర్తు వచ్చేది మన మేస్త్రీలూ కాదు, బీడీ కార్మికులూ కాదు. నియామకపు ఉత్తర్వు అందుకొని, చిరునామా చూసి చేరకుండా మానుకొన్నవారు ఉన్నారు. చేరినవారిలో ఆడవారు ఇంటివద్ద బంధువులకు బొంబాయి సెంట్రల్ దగ్గర బడి అని చెప్పుకొనేవారు. మన పూర్వ విద్యార్థులు కొందరు నేటికీ అలాగే చెబుతారు. వారిని తప్పుపట్టటం నాకు ఇష్టం లేదు. కాని ఈ గల్లీలలో బతుకు గడవక చిక్కుకున్న స్త్రీలు సైతం, బడి వేళ పిల్లల వరస వస్తుంటే పక్కకు తొలగి దారి ఇచ్చేవారని మన ఉపాధ్యాయినులు చెప్పేవారు. నేనూ అది చూశాను.

1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన మిల్లు సమ్మె మన బడిని కూడా తాకింది. సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు అందులో పాల్గొన్నారు. ఆ సమ్మె ముగిసిందని అధికారికంగా ఎవరూ ప్రకటించనే లేదు. నేను వర్లీ బి.డి.డి. చాల్ పిల్లను. కుటుంబాలు సామాను కట్టుకొని కొన్ని భివండీ పవర్‌లూముల వైపు, కొన్ని సొంత ఊళ్లకు మళ్లటం ఆ వయసులో చూశాను. మన బడి జనరల్ రిజిస్టరులో ఆ ఏళ్ల పుటలు తిరగేస్తే, బడి విడిచిన కారణం అన్న గడిలో 'ఊరికి వెళ్లినారు' అన్న మాటే వరుసగా కనిపిస్తుంది. అదే సమయంలో, బి.ఎ. చదివి తండ్రి మిల్లులో చేరవలసిన ఒక యువకుడు ఉద్యోగం లేక, జీతం అడగకుండా మన బడిలో ఇంగ్లీషు చెప్పాడు. తరువాత బి.ఎడ్. చేసి, వేరే హైస్కూలులో స్థిరపడ్డాడు. మిల్లుల మూతకు మన బడి రుణపడి ఉన్నదంటే ఆ ఒక్క విషయంలోనే.

ఇప్పుడు ఈ దారులన్నీ దాదాపు ఒకే దారిగా మారాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం తరువాత, మహారాష్ట్రలో 2013 నుంచి ఉపాధ్యాయ అర్హత పరీక్ష వచ్చింది. డిప్లొమా, ఆ పరీక్ష రెండూ లేనివారు ప్రాథమిక తరగతులకు రాలేరు. ఈ నియమం న్యాయమైనదే. బెత్తం పంతుళ్ల కాలం తిరిగి రావాలని నేను కోరను. కాని తెలుగులో బోధించగల శిక్షితులు ఎక్కడి నుంచి రావాలి? తెలంగాణలో, ఆంధ్రలో శిక్షణ పొందినవారు అక్కడి డీఎస్సీ కోసం ఎదురుచూస్తారు. ఇక్కడ పుట్టిన మన పిల్లలు ఇంగ్లీషు మాధ్యమంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే తెలుగు అక్షరాలు రాకుండా పెరుగుతున్నారు. పాత చాళ్లను పడగొట్టి కొత్త భవనాలు కట్టే పథకాన్ని ప్రభుత్వం మ్హాడాకు అప్పగించింది. అది పూర్తయ్యేనాటికి ఈ గల్లీలలో తెలుగు కుటుంబాలు ఎన్ని మిగులుతాయో చూడాలి. నా పదవీ విరమణకు ఇక మూడేళ్లు ఉన్నది. ఈ కుర్చీలో కూర్చొనేవారు తెలుగు చదవగలిగినవారు కావాలంటే, డి.ఎడ్. లేదా బి.ఎడ్. చేస్తున్న, తెలుగు రాయటం వచ్చిన మీ ఇంటి అమ్మాయినో అబ్బాయినో ఇప్పుడే మా దగ్గరకు పంపవలసి ఉంటుంది. కొన్నాళ్లు మాతో తరగతిలో కూర్చుంటే మిగిలినది మేము చెప్పుకుంటాము.

చివరగా ఒక విన్నపం. పైన రాసిన బద్లీ మాస్టారి పేరు మాకు తెలుసు. కాని ఆయన ఏ ఊరివారో, ఏ మిల్లులో పనిచేసేవారో, బడి మానిన తరువాత ఎక్కడికి వెళ్లారో ఎవరూ చెప్పలేకపోయారు. ఆయన ఛాయాచిత్రం కూడా లేదు. ఆయన వద్ద చదివినవారు, వారి పిల్లలు ఎవరైనా ఈ సంచిక చదివితే, తెలిసిన సంగతిని ఒక కార్డు ముక్క మీద రాసి పాఠశాల కార్యాలయానికి పంపగలరు. జీతాల పట్టీలో లేని ఉపాధ్యాయుల కోసం ఒక కొత్త రిజిస్టరు కొన్నాము. మొదటి పుట ఆయన కోసం ఖాళీగా ఉంచాము.