అత్తమ్మ సందుగ

అత్తమ్మ పోయి ఏడాది దాటింది. ముత్యంపేటలో పాత ఇల్లు దులుపుదామని మొన్న సెలవుల్లో వెళ్లి ఆమె సందుగ తెరిచాం. మా పెద్దోడు ఒక్కొక్కటే తీసి చూస్తూ "అమ్మా, ఇది అచ్చం అన్‌ప్యాకింగ్ గేమ్ లెక్కనే ఉంది" అన్నాడు. మామూలుగా ఆటల మాటెత్తితే కసురుకునే దాన్ని. ఆ రోజు ఎందుకో, చూపించమన్నాను.

2021లో ఆస్ట్రేలియాలోని విచ్ బీమ్ అనే చిన్న కంపెనీ తెచ్చిన ఆట అది. పని ఒక్కటే. ఒక అమ్మాయి ఇల్లు మారినప్పుడల్లా అట్టపెట్టెల్లోంచి సామాను తీసి సర్దాలి. మొదటి గది 1997లో, చివరి ఇల్లు 2018లో. ఆ అమ్మాయి మనకు ఎదురుపడదు, మాట్లాడదు. 2010లో ఒక అబ్బాయి ఇంట్లోకి మారుతుంది. గోడల మీదా, అరల్లోనూ అన్నీ అతని వస్తువులే. ఈమె డిగ్రీ పట్టాకు ఎక్కడా చోటు లేదు. చివరికి మంచం కింద పెడితేనే ఆట ఒప్పుకుంటుంది. 2012లో పెట్టెలు విప్పేది మళ్లీ పుట్టింటి గదిలో! మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. ఇల్లు సర్దే ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు కూడా.

ఇదంతా కొత్త సంగతేమో అనుకున్నాను. కాదట. 1982లో అమెరికాలో ఇన్ఫోకామ్ కంపెనీ 'డెడ్‌లైన్' అనే హత్య కేసు ఆట చేసింది. చెప్పాల్సినదంతా పట్టేంత చోటు అప్పటి డిస్కులో లేదు. అందుకని పోలీసు వాంగ్మూలాల కాగితాలు, శవం దగ్గర దొరికిన మాత్రలంటూ నిజంగానే కొన్ని మాత్రలు పెట్టెలో వేసి అమ్మారు. 1993లో వచ్చిన 'మిస్ట్'లో దాదాపు మనుషులే లేని దీవి, చిరిగిన పుస్తకాల పేజీలు. 2000లో డాన్ కార్సన్ అనే ఆయన, డిస్నీ పార్కులకు డిజైనర్‌గా పనిచేసినవాడు, మనిషి నడిచే చోటే కథ చెప్పాలని ఆటలు చేసేవాళ్ల కోసం వ్యాసం రాశాడు. 2013లో 'గాన్ హోమ్'. 1995లో ఒక అమ్మాయి విదేశం నుంచి ఇంటికొస్తే ఇంట్లో ఎవరూ ఉండరు. సొరుగులు లాగి, చీటీలు చదివి, దొరికిన క్యాసెట్లు టేపులో పెట్టి విని తెలుసుకోవాలి.

మావాడికి వీటన్నిటికంటే జపాన్ వాళ్ల 'డార్క్ సోల్స్' ఇష్టం, 2011 నాటిది. అందులో కత్తి దొరికినా ఉంగరం దొరికినా దాని కింద రెండు మూడు వాక్యాలుంటాయి. రాజ్యం ఎలా కూలిందో వాటిని కలుపుకుంటూ మనమే అల్లుకోవాలి. దాన్ని చేసిన హిదెతాకా మియాజాకి చిన్నప్పుడు కలిగిన ఇంటివాడు కాదు. లైబ్రరీలో ఇంగ్లిషు కథల పుస్తకాలు తెచ్చుకుని, అర్థం కాని చోట్లను బొమ్మలు చూసి ఊహించుకునేవాడట. ఆ ఖాళీలే ఆటలోకీ వచ్చాయి. నాకైతే మరీ పొదుపుగా చెప్పినట్టు అనిపించింది, ఇంకో వాక్యం రాస్తే ఏం పోయింది?

మావాడికి అప్పుడు కోటిలింగాల సంగతి చెప్పాను. మన జగిత్యాల జిల్లాలోనే, గోదావరి ఒడ్డున. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ గారు అక్కడ నాణేలు సేకరించి పురావస్తు శాఖలోని పరబ్రహ్మశాస్త్రి గారికి చూపించారు. వాటి మీద బ్రాహ్మీ లిపిలో గోభద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లున్నాయి. పురాణాల రాజుల జాబితాల్లో లేని పేర్లవి. శాతవాహనుల మొదటి రాజు చిముకుడి నాణేలు కూడా అక్కడే దొరికాయి. "అంటే నాణెం మీది ఒక్క లైనే కథంతానా?" అన్నాడు. అంతే మరి.

మా సందుగలో వస్తువుల మీద ఆ ఒక్క లైనూ లేదు. నలుపలకల రేకు ముక్క చూసి వాడు తాళంచెవి లాంటిదనుకున్నాడు. తునికాకు మీద పెట్టి కొలతకు కత్తిరించే రేకు అది. అంచులు అరిగిపోయి ఉన్నాయి. పక్కనే కత్తెర, బీడీ కార్మికుల గుర్తింపు కార్డు. 2015 డిసెంబరులో మూతపడ్డ మా ఊరి చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన చిట్టీలు, రబ్బరు బ్యాండు కరిగి అతుక్కుపోయి.

అడుగున చీర మడతలో ఒక క్యాసెట్. పైన సినిమా పాటల లేబుల్. "బాపమ్మ పాటలు వినేదా?" అన్నాడు. నేను అంచు తిప్పి చూపించాను. పాటల క్యాసెట్‌కు పైఅంచున రెండు చిన్న గుంతలుంటాయి, మీద మళ్లీ రికార్డు చేయకుండా. ఈ గుంతల్లో కాగితం కుక్కి, పైన టేపు అంటించి ఉంది. అంటే పాటల మీద ఎవరో మాట్లాడారు. మామయ్య దుబాయిలో ఉన్న రోజుల్లో ఉత్తరం రాయడం రానివాళ్లు క్యాసెట్లో మాట్లాడి, ఊరికొచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. ఇది అక్కడి నుంచి వచ్చిందో, ఇక్కడ అత్తమ్మ మాట్లాడి పంపకుండా ఉంచుకుందో చూస్తే తెలియదు.

మావాడు చిట్టీలు కోసి ఒక్కో వస్తువుకూ అంటించడం మొదలుపెట్టాడు. రేకు ముక్కకు నన్నడిగి ఇలా రాశాడు: "ఆకు కొలత. బాపమ్మ వేళ్ల దగ్గర అరిగింది."

మా ఆయన క్యాసెట్‌ని చేతిలోకి తీసుకుని, కొంతసేపు చూసి, మళ్లీ చీర మడతలోనే పెట్టారు. పాత టేపు రికార్డర్లు బాగుచేసే ఆయన కోరుట్లలో ఉన్నాడని ఎవరో చెప్పారు. వచ్చే ఆదివారం వెళ్దామా అంటే ఏమీ అనలేదు. దాని చిట్టీ ఇంకా ఖాళీగానే ఉంది.