ఆర్కాటు అప్పులు, లండన్ సీట్లు

ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజా పేరు రాగానే మన పాఠ్యపుస్తకాలు రెండు మాటలు చెప్పి ఊరుకుంటాయి: దుబారా మనిషి, అప్పుల్లో మునిగినవాడు. ఈ రెండూ నిజమే. కాని ఆ అప్పు ఎవరు ఇచ్చారు, ఏ హామీ మీద ఇచ్చారు, దాని వడ్డీ ఎక్కడికి పోయింది అన్న ప్రశ్నలు వేసుకుంటే, ఒక నవాబు విలాసాల కథ కాస్తా వలస దోపిడీకీ పార్లమెంటరీ అవినీతికీ మధ్య ఉన్న బంధుత్వపు కథగా మారుతుంది. ఆ కథలో తిరుపతి ఉంది, చిత్తూరు సీమ ఉంది. వాటి సొమ్ముతో కొమ్ము కాచిన లండన్ పెద్దమనుషులూ ఉన్నారు.

1749లో మొదలైన వారసత్వపు పోరులో ఫ్రెంచివారు చందాసాహెబును, ఇంగ్లీషువారు మహమ్మదలీని వెనకేసుకొచ్చారు. 1752లో చందాసాహెబు హతుడయ్యాడు. గెలిచిన నవాబు చేతికి రాజ్యంతో పాటు యుద్ధ ఖర్చుల చిట్టా కూడా వచ్చింది. ఆ ఖర్చుల కింద కంపెనీకి హామీగా పోయిన ఆదాయాల్లో తిరుపతి దేవస్థానం రాబడి ఒకటి. దేశం నలుమూలల నుంచి వచ్చే యాత్రికుల కానుకలను నవాబు అంతకు ముందే పన్నుగా మార్చుకున్నాడు. ఇప్పుడా పన్ను విదేశీ వర్తక కంపెనీకి తాకట్టుపడింది. కంపెనీ దాన్ని ఇజారాకిచ్చి వసూలు చేసుకుంది. 1753లో మహమ్మద్ కమాల్ అనే సేనాని తిరుపతి మీదికి వస్తే, ఆ రాబడి చేజారకుండా కంపెనీ సైన్యాన్ని పంపింది. అతను ఓడి, పట్టుబడి, ప్రాణం పోగొట్టుకున్నాడు. కొండ మీది దేవుడి పట్ల భక్తితో కాదు, కొండ కింద లెక్కపెట్టే వరహాల కోసం జరిగిన పోరాటమిది.

ఇక్కడొక తేడా గమనించాలి. తిరుపతి రాబడి హామీగా పోయింది కంపెనీ అనే సంస్థకు. దీనికి పక్కనే మరో అప్పు పెరిగింది. అది కంపెనీ నౌకర్లు సొంతంగా నవాబుకిచ్చిన అప్పు. కంపెనీ బాకీ తీర్చమని పగలు ఒత్తిడి చేసే ఉద్యోగే, ఆ బాకీ తీర్చడానికి రాత్రి తన సొంత పెట్టె తెరిచి వడ్డీకిచ్చేవాడు. నవాబు దానికి బదులుగా ఏదో ఒక తాలూకా శిస్తును రాసిచ్చేవాడు. ఈ రాతలనే ఆనాటి కంపెనీ కాగితాలు ‘తంకా’లన్నాయి. మన పల్లెల్లో ఇవాళ్టికీ వినిపించే తనఖా దీనికి తోబుట్టువే. పంట ఇంకా చేలో ఉండగానే శిస్తు మద్రాసులో చేతులు మారిపోయేది. నవాబుకు అప్పు, ఉద్యోగికి వడ్డీ, రైతుకు కొరడా.

1767లో ఈ సొంత అప్పులన్నీ ఒకటిగా కూర్చారు. ఎడ్మండ్ బర్క్ చెప్పిన లెక్క ప్రకారం అవి 8,80,000 పౌన్లు, వడ్డీ నూటికి 10. అంతకు ముందు వడ్డీ ఇంకా ఎక్కువ. 1777లో నవాబు గుర్రపు దళాన్ని రద్దు చేయడానికి బాకీ జీతాలు చెల్లించాలన్న నెపంతో మరో 1,60,000 పౌన్లు పుట్టాయి. అదే ఏడు 24 లక్షల పౌన్ల ఇంకో అప్పు బయటపడింది. ఈ రెండింటికీ వడ్డీ నూటికి 12. ఇంతమంది చిన్న జీతగాళ్లు ఇన్ని లక్షలు ఎక్కడినుంచి తెచ్చారు? ఇది కామన్స్ సభలో బర్క్ వేసిన ప్రశ్న. ఇచ్చిన నగదు కొంతే, మిగిలింది వడ్డీ మీద వడ్డీ, మాట సాయానికి రాయించుకున్న బాండ్లు అని ఆయన అభియోగం.

ఈ గుంపుకు నాయకుడు పాల్ బెన్‌ఫీల్డ్. 1764లో మద్రాసుకు వచ్చిన కంపెనీ నౌకరు. ఏడాదికి కొన్ని వందల పౌన్ల జీతగాడు. పన్నెండేళ్లు తిరిగేసరికి తంజావూరు రాబడి మీద తనకు 2,34,000 పౌన్లు రావాలని దావా వేశాడు. నవాబు ఆక్రమించిన తంజావూరును తిరిగి దాని రాజుకు అప్పగించడానికి వచ్చిన గవర్నరు పిగట్ ఆ దావాను ఒప్పుకోలేదు. పిగట్ కూడా కడిగిన ముత్యమేమీ కాదు, మొదటి పదవీకాలంలో అపారంగా సంపాదించుకు పోయినవాడే. అయినా అప్పులవాళ్ల దారికి అడ్డం వచ్చాడు. 1776 ఆగస్టు 24న అతని సొంత కౌన్సిలు సభ్యులే అతన్ని నిర్బంధించారు. 1777 మేలో ఆ నిర్బంధంలోనే చనిపోయాడు. ఈ నేరానికి ఇంగ్లండులో నలుగురు కౌన్సిలు సభ్యులకు పడిన శిక్ష తలకు 1,000 పౌన్ల జరిమానా! అప్పులవాళ్ల లెక్కలో అది ఒక చిల్లర ఖర్చు.

మద్రాసులో గవర్నర్లను మార్చడం సరిపోదని, లండన్‌లో చట్టం చేసేవాళ్లనే కొనాలని ఈ గుంపు త్వరగానే గ్రహించింది. నవాబు ఏజెంటుగా జాన్ మెక్‌ఫర్సన్ 1760ల చివరలోనే ప్రధాని గ్రాఫ్టన్ గుమ్మం తొక్కాడు. తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యాడు, 1785లో తాత్కాలిక గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. బెన్‌ఫీల్డ్ 1780లో క్రిక్‌లేడ్ నుంచి కామన్స్‌కు ఎన్నికయ్యాడు. ఆ పార్లమెంటులో అతను తనతో కలిపి ఎనిమిది మంది సభ్యులను తయారు చేశాడని బర్క్ ఆరోపణ. పదిమంది ఓటర్లున్న బరోలు సంతలో పశువుల్లా అమ్ముడుపోయే రోజులవి. ఆ సంతకు కర్ణాటక రాబడి పెట్టుబడి అయింది.

రచయితలమైన మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన పేరు ఇంకొకటుంది. ‘ఆషియన్’ కావ్యాలతో యూరపునంతా ఊపేసిన కవి జేమ్స్ మెక్‌ఫర్సన్. పురాతన గేలిక్ కవి పేర వెలువరించిన ఆ కావ్యాలెంతవరకు అసలువో అన్న వివాదం ఒకవైపు నడుస్తూనే ఉంది. ఆయన నవాబు ఏజెంటుగా కలం పట్టాడు, 1780లో కేమల్‌ఫర్డ్ సభ్యుడై పార్లమెంటులో కూర్చున్నాడు. ప్రాచీన వీరుల కోసం కన్నీరు పెట్టించిన కలమే కర్ణాటక శిస్తు మీద బతికింది. కళకు రాజకీయాలతో ఏం పని అని అడిగేవాళ్లకు ఇది పాత జవాబు.

ఈ మధ్యలో ఇక్కడ ఏం జరిగింది? 1780లో హైదరాలీ కర్ణాటకం మీద విరుచుకుపడ్డాడు. పొలాలు బీళ్లయ్యాయి, చెరువులు తెగాయి, కరువు వచ్చింది. హైదరు 1782 డిసెంబరు 7న మన చిత్తూరు పక్కనున్న నరసింగరాయనిపేట దండులోనే కన్నుమూశాడు. యుద్ధం ఖర్చుల కోసం గవర్నరు మెకార్ట్‌నీ 1781 చివర నవాబు శిస్తు వసూళ్లను కంపెనీ చేతిలోకి తీసుకున్నాడు. అంటే అప్పులవాళ్ల నోటి ముందున్న కూడు లాగేశాడు.

1784లో పిట్ తెచ్చిన ఇండియా చట్టం, ఈ అప్పుల పుట్టుక ఏమిటో, న్యాయమెంతో విచారించమని కంపెనీ డైరెక్టర్లను ఆదేశించింది. డైరెక్టర్లు విచారణకు ఉత్తరువు రాసి సిద్ధం చేశారు. కాని అదే చట్టం కింద పుట్టిన బోర్డ్ ఆఫ్ కంట్రోల్ ఆ ఉత్తరువును కొట్టేసి, మూడు అప్పులనూ ఒప్పేసుకుంది. వాటికోసం ఏడాదికి 12 లక్షల వరహాలు, అంటే 4,80,000 పౌన్లు కేటాయించింది. మూడో అప్పు మీద నవాబు గాని, తోటి అప్పులవాళ్లు గాని అభ్యంతరం చెప్పుకోవచ్చట! కుమ్మక్కైన వాళ్లే ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేయాలన్నమాట. వసూళ్లు తిరిగి నవాబుకు అప్పగించమన్నారు. మెకార్ట్‌నీ రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఈ బోర్డును నడిపించిన హెన్రీ డండాస్, 1781లో మద్రాసు అక్రమాల మీద రహస్య విచారణ సంఘానికి అధ్యక్షత వహించినవాడే. గవర్నరు రంబోల్డ్ మీద అతను తెచ్చిన శిక్షా బిల్లు కూడా మధ్యలోనే ఆగిపోయింది.

1785 ఫిబ్రవరి 28న బర్క్ ఈ వ్యవహారాన్ని కామన్స్‌లో నిలదీశాడు. కాగితాలు బయట పెట్టమన్న తీర్మానం వీగిపోయింది. బర్క్‌ను మనం దేవుణ్ణి చేయనక్కరలేదు. ఆయన బంధువు విలియం బర్క్ తంజావూరు రాజుకు ఏజెంటు, అంటే ఎదుటి ముఠా మనిషి. కాని అభియోగం తెచ్చినవాడికి స్వప్రయోజనం ఉన్నంత మాత్రాన అభియోగం అబద్ధమైపోదు. దానికి రుజువు తర్వాతి చరిత్రే ఇచ్చింది. 1801లో కర్ణాటకం కంపెనీ వశమైంది. మిగిలిన నవాబు అప్పులను కమిషనర్లు నిజంగా విచారిస్తే, సుమారు 3 కోట్ల పౌన్ల క్లెయిములలో పదో వంతు కూడా నిలవలేదు. ముందు ముడుపులిచ్చి ముద్ర వేయించుకున్న అప్పులు మాత్రం విచారణ లేకుండానే చెల్లుబాటైపోయాయి.

మన సీమ దాని ఫలితం చవిచూసింది. 1801 తర్వాత తిరుపతి గుడి ఆదాయవ్యయాలు ఉత్తరార్కాటు కలెక్టరు చేతికి వచ్చి, 1843లో హాథీరాంజీ మఠం మహంతుకు అప్పగించే వరకు అక్కడే ఉన్నాయి. కంపెనీ పెంచిన కప్పాలకు, ఊడబెరికిన హక్కులకు ఎదురుతిరిగి చిత్తూరు పాలెగాళ్లు 1804-05లో కత్తి పట్టారు. వాళ్లు భూస్వాములే. అయినా ఆ తిరుగుబాటును ‘అరాచకం’ అని రాసుకున్న కలాలు, బెన్‌ఫీల్డ్ వసూళ్లను ‘రుణం’ అని రాసుకున్నాయి. ఏది నేరమో, ఏది వ్యాపారమో నిర్ణయించే అధికారం ఎవరిదో అన్నదే అసలు విషయం.

ఇదంతా పాత కథ అనుకుందామా? కాంగ్రెస్, భారతీయ జనతా పార్టీలు రెండూ వేదాంత సంస్థల నుంచి విరాళాలు తీసుకుని 1976 నాటి విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. 2016లో ఆర్థిక బిల్లు ద్వారా ‘విదేశీ’ అన్న మాటకే అర్థం మార్చారు. 2018లో ఆ మార్పును 1976 ఆగస్టు 5 దాకా వెనక్కి జరిపారు. సొమ్ము తీసుకున్నవాళ్లే చట్టాన్ని దిద్దుకున్నారు. విచారణను ఓడించడానికి సాక్షిని కొనడం చిన్న దొంగల పద్ధతి. పెద్దలు నిఘంటువును మారుస్తారు. 1784లో దొంగ లెక్క ‘రుణం’ అయినట్టే, 2018లో విదేశీ సొమ్ము స్వదేశీ అయిపోయింది.

బెన్‌ఫీల్డ్ చివరకు దివాళా తీసి 1810లో పారిస్‌లో పేదగా చచ్చాడు. దాన్ని దైవ న్యాయమని తృప్తిపడే నీతికథలు మనకు అక్కరలేదు. అతను పోయినా అతను వాడుకున్న దారి మూసుకుపోలేదు. శిస్తు కట్టిన రైతుకూ, ముడుపు కట్టుకుని కొండెక్కిన యాత్రికుడికీ తమ పైసా ఏ సభలో ఏ సీటు కింద చేరిందో తెలియదు. తెలియకుండా ఉంచడమే ఆ దారికి కాపలా. దాన్ని తెలియజెప్పడం చరిత్ర రాసేవాళ్ల మొదటి పని.