మగ నర్సు: 1943 నాటి ఆర్డినెన్సు, 2024 నాటి ప్రశ్న

2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు కేంద్ర ప్రభుత్వాన్ని ఒక సూటి ప్రశ్న అడిగింది. మహిళా అధికారిని సియాచిన్‌లో నియమించగలిగినప్పుడు పురుషుణ్ణి సైన్యంలో నర్సుగా ఎందుకు నియమించలేరు? మిలిటరీ నర్సింగ్ సర్వీసును మహిళలకే పరిమితం చేయడం రాజ్యాంగ విరుద్ధమంటూ ఇండియన్ ప్రొఫెషనల్ నర్సెస్ అసోసియేషన్ దాఖలు చేసిన వ్యాజ్యంపై విచారణ అది. ఈ ఏర్పాటు చిరకాలంగా వస్తున్న ఆచారమన్నది ప్రభుత్వం వినిపించిన వాదనల్లో ఒకటి.

ఆచారం పేరు చెప్పిన ప్రతిసారీ దాని వయసెంతో అడగడం అవసరం. ఈ ఆచారానికి చట్టరూపం వచ్చింది 1943లో. అంతకు ముందు ఈ దేశంలో రోగికి సేవ చేసినవారెవరు?

చరకసంహిత సూత్రస్థానం చికిత్సకు నాలుగు పాదాలని చెబుతుంది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకుడికి ఉండవలసిన లక్షణాలలో ఉపచార జ్ఞానం, దక్షత, రోగి పట్ల అనురాగం, శుచి ఉన్నాయి. పుంలింగ పదం వాడారు కాబట్టి వారందరూ మగవారేనని వాదించడం తొందరపాటు. కానీ బౌద్ధ వినయపిటకంలో అలాంటి సందేహానికి తావు లేదు. విరేచనాలతో తన మలమూత్రాలలోనే పడివున్న భిక్షువును బుద్ధుడు, ఆనందుడు స్వయంగా కడిగి పడుకోబెట్టిన ఉదంతం అందులో ఉంది. సాటి రోగికి సేవ చేయడం భిక్షువు విధి అని అక్కడే నిర్దేశించారు. మరోవైపు 11వ శతాబ్దపు చోళ చక్రవర్తి వీరరాజేంద్రుని తిరుముక్కూడల్ శాసనంలో 15 పడకల ఆతురశాల కనిపిస్తుంది. రోగులను చూసుకోవడానికి అక్కడ ఇద్దరు స్త్రీలను నియమించినట్లు ఆ శాసనమే చెబుతుంది. మన చరిత్రలో రోగి సేవ ఒక్క లింగానికి రాసిచ్చిన వృత్తి కాదనడానికి ఈ సాక్ష్యాలు చాలు.

అలాగని దీన్ని స్వర్ణయుగంగా ఊహించుకోనక్కరలేదు. పరాయివారి చీమును, నెత్తురును తాకే పనిని కులవ్యవస్థ ఎప్పుడూ కిందికే నెట్టింది. ఆధునిక నర్సింగ్ ఈ దేశానికి వచ్చినప్పుడు అగ్రవర్ణ కుటుంబాలు చాలాకాలం దూరంగా ఉండడానికి, మిషన్ ఆసుపత్రులలో శిక్షణ పొందినవారిలో క్రైస్తవ స్త్రీలు అధికంగా ఉండడానికి మూలం ఇదే.

వలస సైన్యపు ఆసుపత్రులలో మొదట పనిచేసినవారు మగ ఆర్డర్లీలు, వార్డు సేవకులు. 1888లో బ్రిటిష్ సైనికుల కోసం పదిమంది శిక్షిత నర్సులు ఇంగ్లండు నుంచి వచ్చారు. భారతీయ సైనికుల సేవకు శాశ్వత నర్సింగ్ విభాగం ఏర్పడింది 1926లో. ఫ్లోరెన్స్ నైటింగేల్ తీర్చిదిద్దిన నమూనాలో శిక్షణ, క్రమశిక్షణ, పరిశుభ్రత గొప్ప సంస్కరణలే. కానీ ఆ నమూనాతోపాటు విక్టోరియా కాలపు స్త్రీ ఆదర్శం కూడా దిగుమతి అయింది. నర్సు అంటే నిర్మలమైన, నిస్వార్థమైన, సంసార బంధం లేని స్త్రీ. క్రైస్తవ సన్యాసినుల మఠాల నుంచి వచ్చిన 'సిస్టర్' అన్న పిలుపు ఆ ఆదర్శానికి గుర్తుగా ఇప్పటికీ మన వార్డులలో వినిపిస్తూనే ఉంది. దానికి జతగా మగ నర్సును 'బ్రదర్' అని పిలవడం తరువాత వచ్చిన సర్దుబాటు.

ఆ కాలంలోనే ఈ ఆదర్శానికి ఎదురునిలిచిన పురుషుడు ఒకరున్నారు. దర్బన్‌లో డాక్టర్ బూత్ నడిపిన చిన్న ధర్మాసుపత్రిలో గాంధీ రోజూ కొంతసేపు స్వచ్ఛంద సేవ చేసేవారు. 1899లో బోయర్ యుద్ధ సమయంలో సుమారు 1,100 మంది భారతీయులతో అంబులెన్స్ దళాన్ని నిర్మించారు. వారిలో అత్యధికులు నేటాల్ ఒప్పంద కూలీలు. తమిళులు, తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న శ్రామిక వర్గమది. 1906లో జూలూ తిరుగుబాటు కాలంలో కొరడా దెబ్బలతో పుండ్లు పడిన జూలూల గాయాలకు కట్లు కట్టడానికి తెల్లవారు ముందుకు రాలేదు. ఆ పని గాంధీ చిన్న దళమే చేసింది. సేవాగ్రామ్‌లో కుష్ఠురోగి అయిన పర్చురే శాస్త్రికి ఆయన స్వయంగా చేసిన సేవ జగద్విదితం. విచిత్రమేమంటే జాతిపితగా గాంధీని కొలిచిన రాజ్యమే ఆయన ఎంతో ఇష్టపడిన ఈ పనిని సైన్యంలో పురుషుడికి నిషేధించిన చట్టాన్ని కొనసాగించింది.

రెండో ప్రపంచయుద్ధం నడుమ 1943లో వచ్చిన ఆర్డినెన్సు మిలిటరీ నర్సులకు కమిషన్డ్ అధికారి హోదా ఇచ్చింది. స్త్రీలకు అది నిజమైన ముందడుగే. అయితే అదే ఆర్డినెన్సు ఆ సర్వీసును స్త్రీలకే పరిమితం చేసింది. దాని ఫలితం నేటి సైనికాసుపత్రిలోనూ కనిపిస్తుంది. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్లుగా మగ సిపాయిలు ఉన్నారు. కట్లు కట్టడం, క్షతగాత్రులను చూసుకోవడం వారి పనే. అంటే పురుషుడు సేవకు పనికిరాడని సైన్యం ఏనాడూ అనుకోలేదు. సేవ చేసే పురుషుడికి నర్సు పేరు, ఆ పేరుతో వచ్చే అధికారి హోదా మాత్రం ఇవ్వలేదు.

పౌర ఆసుపత్రులలో తలుపు మూసింది శిక్షణ పద్ధతి. నర్సు, మంత్రసాని అన్న రెండు అర్హతలనూ కలిపి నమోదు చేయడం ఇక్కడ రివాజు. చాలాకాలం మగ విద్యార్థులకు ప్రసూతి శిక్షణకు బదులు వేరే అంశాలు బోధించారు. ఆ తరువాత ప్రసూతి శిక్షణ లేదన్న కారణంతోనే వారిని ఉద్యోగాలకు అనర్హులన్నారు. స్త్రీ రోగుల గోప్యత న్యాయమైన విషయమే. కానీ ప్రసూతి వైద్యుడిగా పురుషుణ్ణి అంగీకరించిన సమాజం, మగ రోగులే అధికంగా ఉండే సైనిక వార్డులో మగ నర్సును కాదనడానికి గోప్యత కారణం కాజాలదు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని గౌరవంగా వినాలి. స్త్రీలకు ఉద్యోగ ద్వారాలు ఇంత ఇరుకుగా ఉన్న దేశంలో, వారు తమదిగా నిలబెట్టుకున్న ఒక్క వృత్తిలోకీ పురుషులను పంపడం న్యాయమా? ఈ ప్రశ్నకు మన రాష్ట్ర చరిత్రలో ఒక ఆధారం దొరుకుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో మహిళలకు ఉద్యోగాలలో 30 శాతం ప్రాధాన్యం కల్పించింది. రాజ్యాంగం 15(3) అధికరణం కింద అది చెల్లుతుందని విజయకుమార్ కేసులో 1995లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ సూత్రం సరైనదే. ఎయిమ్స్ నర్సింగ్ నియామకాలలో 80 శాతం మహిళలకు కేటాయించిన పద్ధతిపై వాదోపవాదాలు ఉండవచ్చు. అయినా అందులో పురుషుడికి ఒక వాకిలి ఉంది. ప్రాధాన్యం వేరు, బహిష్కారం వేరు. నూటికి నూరు శాతం ఒక లింగానికే ఇవ్వడాన్ని ప్రాధాన్యం అనలేం.

పైగా ఆ బహిష్కారం స్త్రీలను కాపాడిందా? సెలినా జాన్ ఉదంతం చూడండి. సికింద్రాబాద్ సైనికాసుపత్రిలో నియామకం పొందిన ఈ లెఫ్టినెంటును 1988లో పెళ్లి చేసుకున్నారన్న కారణంతో మిలిటరీ నర్సింగ్ సర్వీసు నుంచి తొలగించారు. పెళ్లాడిన నర్సును తొలగించవచ్చని 1977 నాటి సైనిక నిబంధన చెప్పేది. దాన్ని 1995లో ఉపసంహరించారు. చివరికి 2024 ఫిబ్రవరిలో, హైకోర్టు సియాచిన్ ప్రశ్న వేసిన మరుసటి నెలలోనే, ఆ తొలగింపు ఘోరమైన లింగ వివక్ష అని సుప్రీంకోర్టు తేల్చి 60 లక్షల రూపాయల పరిహారం ఇమ్మన్నది.

ఈ రెండు వ్యాజ్యాలూ నిజానికి ఒకే వ్యాజ్యం. స్త్రీ కాడు కాబట్టి పురుషుణ్ణి గుమ్మంలోనే ఆపిన భావన, భార్య అయింది కాబట్టి స్త్రీని గుమ్మం దాటించింది. రెండు చోట్లా నర్సింగును నైపుణ్యంగా కాక స్త్రీ స్వభావంగా చూశారు. స్వభావానికి జీతం ఎక్కువ ఇవ్వనక్కరలేదన్నది యాజమాన్యాల లెక్క. 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రులలో సైతం నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని చెప్పడానికి 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒక కమిటీ వేయవలసి వచ్చిందంటే ఆ లెక్క ఎంత లోతుగా పాతుకుపోయిందో ఊహించవచ్చు.

కేంద్ర ఆసుపత్రులలో 2016లో 'స్టాఫ్ నర్సు' స్థానంలో 'నర్సింగ్ ఆఫీసర్' అన్న పేరు వచ్చింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఇన్ని మారినా యుద్ధకాలపు ఆర్డినెన్సులోని 'స్త్రీ' అన్న ఒక్క షరతు మారలేదు. దాన్ని తొలగించడానికి కోర్టు తీర్పు కోసం వేచి ఉండనక్కరలేదు, పార్లమెంటు తలచుకుంటే చాలు. స్త్రీలకు న్యాయమైన వాటా ఉంచి, పదోన్నతులలో వారు వెనకబడకుండా చూసి, మిగిలిన ద్వారం తెరవాలి. ప్రాణాపాయంలో ఉన్న సైనికుడికి కావలసింది చేయి తిరిగిన నర్సు. చరకుడు అడిగిన అర్హతలూ అవే: జ్ఞానం, దక్షత, అనురాగం, శుచి.